ఒక చిన్న క్రియ పారిన దారి

ఆంగ్లభాషాభ్యాసము నారంభించిన బాలునకు తొలి వారములలోనే ఉపాధ్యాయుడు నేర్పెడి క్రియలలో ‘రన్’ అనునది యొకటి. పరుగెత్తుట యని దానికి అర్థము చెప్పి, వాచకములోని కుక్క బొమ్మనో పిల్లవాని బొమ్మనో వ్రేలితో చూపి, మరుసటి మాటకు సాగిపోవుట మన పాఠశాలలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ బాలుడే పెద్దవాడై ఆంగ్ల పత్రికను చేతబట్టిన నాడు, అందులో ముక్కు పరుగెత్తుటయు, కర్మాగారము పరుగెత్తుటయు, నాటకము రెండేండ్లపాటు పరుగెత్తుటయు, కొళాయి పరుగెత్తుటయు, ఎన్నికలలో అభ్యర్థి పరుగెత్తుటయు, ఒకానొక మొండితనము వంశమునందు నాలుగు తరముల పొడవున పరుగెత్తుటయు కనబడి, చిన్ననాడు కంఠస్థము చేసిన అర్థము ఏమాత్రము అక్కరకు రాక దిగ్భ్రమ చెందును. ఉపాధ్యాయుడు అబద్ధము చెప్పలేదు. ఏటిలోని ఒక్క పాయను మాత్రము చూపి, ఇదియే ఏరని చెప్పినాడు.

ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు యొక్క తృతీయ సంస్కరణమునందు ఈ క్రియను పరిష్కరించు భారము పీటర్ గిల్లివర్ అను నిఘంటుకారునిపై పడగా, ఆయన తొమ్మిది మాసములకు పైగా ఈ ఒక్క మాటతోనే సహవాసము చేసి, 2011లో అది వెలువడు నాటికి క్రియారూపమొక్కదానికే 645 అర్థములను నిర్ణయించెను. అంతకు పూర్వము ఆ నిఘంటువులో అగ్రాసనము ‘సెట్’ అను మరియొక చిఱుత క్రియది. 1989 నాటి ద్వితీయ ముద్రణములో అది 430 అర్థములతో, దానిని ఆశ్రయించిన పదబంధములను కూడ గలుపుకొని అఱువది వేల మాటల వివరణముతో విరాజిల్లుచుండెను. నూతన సంస్కరణము ఆరంభమయిన పిమ్మట 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’, తుదకు ‘రన్’ వరుసగా ఆ పరిమాణమును మించిపోయినవి. సైమన్ వించెస్టర్ అను ప్రసిద్ధ రచయిత దీనికొక తాత్పర్యము చెప్పినాడు: ‘సెట్’ నిలకడగల పూర్వకాలమునకు తగిన మాట యనియు, యంత్రములతో ఉరుకులు పెట్టుచున్న మన కాలమునకు ‘రన్’ పట్టాభిషిక్తమగుట సహజమనియు ఆయన యభిప్రాయము. వినుటకు సొంపుగనే యున్నది గాని, నాకు సగమే రుచించినది. ‘సెట్’ విషయమున 1989 నాటి గ్రంథము చాలవఱకు వంద యేండ్లనాటి తొలి ముద్రణపు పాఠము; ‘రన్’ లెక్క మన కాలమున, కొత్త సామగ్రితో, వేఱు చేతులతో తేల్చినది. రెండు తరములవారు రెండు తూనికరాళ్లతో తూచినదానిని పక్కపక్కన బెట్టి యుగధర్మమును నిర్ణయించుట న్యాయము కాదు.

అసలు ఒక మాటకు ఎన్ని అర్థములని లెక్కించుట యెట్లు? ఆ నిఘంటువు పుట్టిన విధానమును చూచినచో ఈ ప్రశ్న లోతు తెలియును. లండనులోని భాషాశాస్త్ర సంఘమువారు 1857లో సంకల్పించిన ఆ మహాకార్యమునకు 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడై, తొలుత మిల్ హిల్ గ్రామమునను, పిదప ఆక్స్‌ఫర్డులోని తన యింటి పెరటిలోను ఇనుప రేకులతో ఒక పాక వేయించి, దానికి లేఖనాగారమని లాటిను పేరు పెట్టి, దేశదేశములనుండి స్వచ్ఛందముగా చదువరులు పంపిన చీటీలను గోడలనిండ అమర్చిన గూళ్లలో భద్రపఱచెను. ఒక్కొక్క చీటీపై ఒక గ్రంథమునుండి యెత్తి వ్రాసిన వాక్యము, దాని తేది, దాని కర్త. నిఘంటుకారుడు చేయవలసినదెల్ల ఆ చీటీలను బల్లపై పఱచి, ఒక పోలిక గల వాక్యములను ఒక కుప్పగా, వేఱు పోలిక గలవానిని వేఱు కుప్పగా వేసి, కుప్పకొక నిర్వచనము వ్రాయుట. మర్రే 1915లో పరమపదించిన పిదప, 1928లో గాని ఆ తొలి ముద్రణము ముగియలేదు. ఎస్ అక్షరపు మొదటి భాగమును చూచినవాడు హెన్రీ బ్రాడ్లీ. అందలి ‘సెట్’ క్రియయే పదునెనిమిది పుటలకు పైగా ఆక్రమించినది. ఈ కుప్పలు ఎన్ని యనునది చీటీలు చెప్పవు, వేసినవాని చూపు చెప్పును. పొలములో మడులెన్ని యని యడిగినచో గట్లు వేసిన రైతు లెక్క చెప్పగలడు. నేల మాత్రము ఒకటే, నీరు ఒక మడినుండి మరియొక మడికి గండి దొరకినచోటనెల్ల పోవుచునే యుండును.

ఈ కష్టమును మర్రేకు నూఱేండ్లకు పైగా ముందుగనే గుర్తించి, దాపరికము లేక ఒప్పుకొన్న మహనీయుడు శామ్యూల్ జాన్సన్. 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో, పోవుట, వచ్చుట, పెట్టుట, తీసికొనుట, చేయుట, పరుగెత్తుట వంటి సామాన్య క్రియల జాబితా నొకదానిని ఇచ్చి, వీని యర్థము మిక్కిలి వదులుగను వ్యాప్తముగను ఉండుటచేత వానిని నిర్వచనములో బంధించుట తన శక్తికి మించినదని ఆయన వాపోయినాడు. అట్లు వాపోయియు ‘టేక్’ అను క్రియకు 134 అర్థములు వ్రాసినాడు. గంభీరమైన శాస్త్రపదములు నిఘంటుకారుని బాధింపవు. గురుత్వాకర్షణమునకో ఖగోళమునకో ఒక్క వాక్యము చాలును. ఇంటిలో, వీథిలో, అంగడిలో దినమున కెన్నియో మాఱులు నోట నానెడి పొట్టి క్రియలే ఆతని యాయువును హరించునవి.

ఇక మన క్రియ జన్మవృత్తాంతము. ప్రాచీనాంగ్లమున దీనికి ‘రిన్నన్’ అనియు, ‘ఇర్నన్’ అనియు రెండు రూపములు. రేఫము అచ్చుకు ముందొక చోట, వెనుకనొక చోట నిలిచినది. తమిళులు ఉరల్ అన్నదానిని మనము రోలనియు, వారు మరమన్నదానిని మనము మ్రాననియు, ఇరండన్నదానిని రెండనియు పలుకు జాతివారము గనుక, ఈ వర్ణవ్యత్యయము మనకు వింత గొలుపదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులపై చేసిన పరిశోధనలో, 1961లో గ్రంథముగా వెలువడినదానిలో, ఇట్టి వ్యత్యయములను సూత్రబద్ధము చేసిరి. ఆంగ్లమున రెండు రూపములు కొన్ని శతాబ్దములు పక్కపక్కన సాగి, స్కాండినేవియా దేశములనుండి వచ్చినవారి భాషలోని ‘రిన్న’ యొక్క తోడ్పాటుతో రేఫము ముందున్న రూపమే నిలిచి, అచ్చు కూడ మాఱి, నేటి ‘రన్’ అయినది.

రూపముకంటె నన్ను ఆకర్షించినది దాని తొలి యర్థము. కాళ్లతో వేగముగ పోవుటతో పాటు, ద్రవము పారుట కూడ ఆ ధాతువునకు మొదటినుండియు ఉన్న యర్థము. జర్మను భాషను చూడుడు: అందులో నీరు పారుటకు ‘రిన్నెన్’ అనియు, మనిషి పరుగెత్తుటకు ‘రెన్నెన్’ అనియు వేఱువేఱు క్రియలు నేడున్నవి, కాని రెండవది మొదటిదానికి ప్రేరణరూపము, అనగా పారించుట యని మూలార్థము. గుఱ్ఱమును పారించినవాడు తుదకు తానే పరుగెత్తినవాడైనాడన్న మాట. ఆంగ్లేయులు ఈ పంపకము చేసికొనక రెండింటిని ఒక్క మాటలోనే ఉంచుకొనిరి. కావున ‘రన్’ అనుదానిని పరుగెత్తుటగా గాక పారుటగా మొదట గ్రహించినచో, పైన మన బాలుని తికమక పెట్టిన ప్రయోగములలో సగము తమంతట తామే దారికి వచ్చును. ముక్కు కారుట, కొళాయి పారుట, ఉతుకులో రంగు దిగుట, నగరమునుండి నగరమునకు బాట సాగుట, వంశమున గుణము దిగివచ్చుట, ఇవన్నియు ప్రవాహములే. ఎవడును వీనిలో పరుగెత్తుటలేదు.

ఇట్లు చూచునప్పుడు మన పాఠశాలలలో చెప్పవలసిన తెలుగు మాట పరుగెత్తు కాదు, పాఱు. శకటరేఫముతో వ్రాయబడెడి ఈ పాత ధాతువు, ఎవరును పనిగట్టుకొని పోల్చకున్నను, ‘రన్’ నడచిన దారిలోనే విస్మయము గొలుపునంత దూరము నడచినది. ఏరు పారును, దొంగ పారిపోవును, రెండింటను ధాతువు ఒక్కటే. జూదమున పాచిక పారినది, తంత్రము ఫలించినదని మన పలుకుబడి. పశువుల కాపరి దూడకు తెల్లపారుడు పట్టినదని చెప్పును. అదే రోగమునకు ఆంగ్లేయ జనసామాన్యము బహువచనములో ‘రన్స్’ అందురు, ఒకరినుండి ఒకరు నేర్చికొనక. గోదావరి డెల్టాలో 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట నిలిచిన తరువాత కాలువలు త్రవ్వించిన ప్రభుత్వశాఖకు నీటిపారుదల యను పేరు స్థిరపడినది. రైతు మాత్రము చేను ఎన్ని పారకములకు వచ్చినదని లెక్క వేసికొనును. పారవేయుట యన్నప్పుడు పాఱుటను ఒకనిచేత చేయించి వదలించుకొన్నామన్న భావము. పసిబిడ్డ పారాడుట యన్నప్పుడు అదే ధాతువు మోకాళ్లపై దేకుచున్నది.

ఇంతకంటెను చోద్యమైన సామ్య మొకటి యున్నది. ఆంగ్లమున బావి ఎండిపోవుటకు, నెత్తురు చల్లబడుటకు, తోట అడవియగుటకు కూడ ‘రన్’ అనెదరు. అచట పరుగూ లేదు, పారుటయు లేదు, ఒక స్థితినుండి వేఱొక స్థితికి వచ్చుట మాత్రమే కలదు. తెలుగున అన్నము చల్లబారును, ఎండకు మేను నల్లబారును, ముఖము తెల్లబారును; తూరుపు ఎఱ్ఱవారి పిదప తెల్లవారును. సంధిలో పకారము బకారముగనో వకారముగనో మాఱుటచేత మనకు పోలిక తప్పిపోయినది గాని, చల్లబారుటలోను తెల్లవారుటలోను ఉన్నది ఆ పాఱు ధాతువే. ప్రతి యుదయమును తెలుగువాడు ఈ క్రియ నుచ్చరించుచు, తాను ‘రన్’ యొక్క అత్యంత దురూహమైన అర్థములలో నొకదానిని వాడుచున్నానని యెఱుగడు. ప్రవహించునది క్రమముగ అవతలి గట్టు చేరును గనుక, ‘అగుట’ యను భావమునకు ‘పారుట’ దగ్గఱి చుట్టమని వేర్వేఱు కుటుంబములకు చెందిన రెండు భాషలకు వేర్వేఱుగా తోచినది.

అట్లయినచో మన పాఱు 645 అర్థములకు ఎందుకు పెరుగలేదు? దీనికి కారణము వ్యాకరణమున కొంత, చరిత్రమున కొంత కలదు. ఆంగ్లము తన ధాతువుల చివరనున్న ప్రత్యయములను శతాబ్దముల వెంబడి జాఱవిడుచుకొన్నది. ప్రాచీనకాలమున పరుగెత్తుటకు ఒక క్రియ, గుఱ్ఱమును పరుగెత్తించుటకు ‘ఆర్నన్’ అను మరియొక క్రియ యుండగా, పిదప రెండును ఒక్క రూపములో కలిసిపోయినవి. మనమో పారుటకును పారించుటకును, నడుచుటకును నడుపుటకును, తిరుగుటకును త్రిప్పుటకును వేఱువేఱు రూపములను ప్రాణపదముగ కాపాడుకొన్నాము. చిన్నయసూరి మొదలుకొని మన వ్యాకర్తలు ప్రేరణమునకు చూపిన శ్రద్ధ ఊరక పోలేదు. ఆంగ్లమున ఒక ఇంట ఉన్న జనము తెలుగున రెండిండ్లలో కాపురముండుటచేత, లెక్క వ్రాయువానికి మన యిల్లు చిన్నదిగా కనబడును. కర్మాగారము ‘రన్’ అగుటయు, యజమాని దానిని ‘రన్’ చేయుటయు వారికి ఒక్క మాట. సంస్థలను నిర్వహించుట యను నీ యర్థము పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికాలో విస్తరించి, పిదప ఇంగ్లండునకు తిరిగి వచ్చినది.

చరిత్ర చెప్పెడి కారణము ఇంకను ఆసక్తికరము. ఆవిరియంత్రము, రైలు, మోటారు, విద్యుత్తు వచ్చినప్పుడు ఆంగ్లేయులు ఆ కొత్త కదలికల నన్నింటిని ‘రన్’ మీద మోపిరి. ఇచ్చట వించెస్టర్ మాటను ఒప్పుకొనక తప్పదు. మనము ఆ పనిని పాఱునకు ఇయ్యలేదు. రైళ్లను, బస్సులను, బడులను, పత్రికలను, సంసారములను మనము నడిపినాము; కోర్టులో వ్యాజ్యము నడచినది, దుకాణము నడచినది, కథ నడచినది. ఆంగ్లేయుడు తన వ్యాపారమును పరుగెత్తించుచుండగా మనము మన వ్యాపారమును నడిపించుచుంటిమి. లాభనష్టములకు ఈ భేదముతో సంబంధము లేదనియే నా నమ్మకము. గిరగిర తిరుగు యంత్రములను మాత్రము ఆటకు అప్పగించినాము: గానుగ ఆడును, బియ్యపు మిల్లు ఆడును, పిండి ఆడించుకొని వత్తుము, సినిమా నూఱు రోజులాడును. నాటకమాడుటనుండి చలనచిత్రమునకు ఆ క్రియ దిగివచ్చినదని వేఱుగా చెప్పనక్కఱలేదు. ఎన్నికల విషయమున ఒక చిన్న విడ్డూరము: అమెరికాలో అభ్యర్థి పరుగెత్తును, ఇంగ్లండున నిలబడును, మన నాయకుడును నిలబడును. ఎవరిని అనుకరించి నిలబడెనో చెప్పనవసరము లేదు గాని, ప్రచారపు నెలలో ఆతనిని చూచినవారు అమెరికావారి మాటయే యథార్థమందురు.

‘రన్’ సంతానములో ఎక్కువ పాలు, వెనుక వచ్చి చేరెడి చిన్న చిన్న అవ్యయములవలన కలిగినది. పైకి అను మాట చేరినచో అప్పు పెరుగును, జెండా ఎగురును, దర్జీ చేతిలో రవిక ఒక్క పూటలో తయారగును. క్రిందికి అను మాట చేరినచో గడియారము ఆగును, ఆరోగ్యము క్షీణించును, పొరుగువానిపై నింద పడును. లోనుండి అని చేర్చినచో ఆస్తి హారతికర్పూరమగును, కత్తి గుండెలో దిగును, నాటకమునకు పూర్వాభ్యాసము జరుగును. వీనికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ గ్రంథమున ప్రచారములోనికి వచ్చినది. ఆ పేరు సూచించినది ‘సెట్’తో కుస్తీ పట్టిన ఆ హెన్రీ బ్రాడ్లీయే యగుట ఉచితముగ నున్నది. విదేశీయ విద్యార్థులు ఈ ప్రయోగములను శపించుట సహజమే. కాని సంస్కృతము చదివిన తెలుగువానికి ఆ శాపమునకు అధికారము లేదు. హృ యను ధాతువునకు హరించుట యర్థము. దానికే ముందు ఉపసర్గము లొక్కటొక్కటిగ చేరి ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము పుట్టినవి. దెబ్బకును భోజనమునకును, చంపుటకును షికారునకును, నష్టమునకు చెల్లించెడి సొమ్మునకును తల్లి యొక్కతె. ధాతువులకు అనేకార్థములు కలవని పతంజలి మహర్షి కాలమునుండి మన శాబ్దికులు చెప్పుచునే యున్నారు. వారు దానిని భాషాదోషముగ గాని వింతగ గాని తలపక, శాస్త్రమున చోటిచ్చి ఊరకుండిరి. ఉపసర్గము సంస్కృతమున ధాతువునకు ముందు నిలిచి దానితో ఏకమగును, ఆంగ్లమున వెనుక నిలిచి, నడుమ కర్మను కూడ దూర్చుటకు చోటిచ్చును, భేదమంతయు ఇంతే.

ప్రసక్తానుప్రసక్తముగ ఒక మాట. సరకు నిశ్శేషమగుటకు ఆంగ్లేయుడు బయటికి పరుగెత్తినదని చెప్పును. మన యిండ్లలో బియ్యము అయిపోయినవని గృహిణి యెన్నడును అనదు. నిండుకొన్నవి యని చెప్పును. లేమిని లేమి యని పలుకుటకు ఇష్టపడక పూర్తిగ వ్యతిరేకమైన మాటను ఆశ్రయించిన యీ సౌజన్యమును, 645 అర్థములలో ఏ యర్థము క్రింద వ్రాయగలరు? అనువాదకులు ‘రన్ అవుట్’ కనబడగనే అయిపోవుట యని వ్రాసి చేతులు దులుపుకొందురు గాని, వంటింటి సంభాషణమును తెనిగించునప్పుడైనను నిండుకొనుటను మఱువకుందురు గాక.

క్రికెట్టు ఆటలో ఈ క్రియ నామవాచకమై మన దేశమును జయించినది. పూర్వము ఇంగ్లండు పల్లెలలో లెక్క వ్రాయువాడు ఒక కఱ్ఱపై గాటు పెట్టుచుండుటచేత, పరుగును గాటనియే పిలిచెడివారు. పిదప కఱ్ఱ పోయి కాగితము వచ్చి, గాటు పోయి ‘రన్’ వచ్చినది. బంతి ఎల్లదాటినప్పుడు ఆటగాడు నిలిచినచోటనే నిలిచి బ్యాటును చంకబెట్టుకొనియున్నను, ఆతని ఖాతాలో నాలుగు ‘రన్నులు’ జమయగును. రేడియోలో తెలుగు వ్యాఖ్యానము వచ్చిన నాటినుండి దీనిని పరుగులని తెనిగించి మనము బాగుగనే అలవాటు చేసికొంటిమి. ఇది కడు సాఫల్యము పొందిన అనువాదములలో నొకటి. కంప్యూటరు విషయమున మాత్రము అంతటి ధైర్యము చూపలేదు. ప్రోగ్రామును ‘రన్’ చేసితిమే గాని, నడుపుట యను సిద్ధాన్నము ఇంటనుండగా దానిని ముట్టలేదు.

ఎరవు తెచ్చుకొన్న ఆంగ్లక్రియను తెలుగు సూటిగ తన క్రియాప్రత్యయములతో నడపదు. చేయు, అగు అను రెండింటిలో నొకదానిని తోడిచ్చి, దానిచేతనే కాలమును, పురుషను మోయించును. అందుచేత ‘రన్’ మన భాషలో క్రియగా కంటె ‘రన్నింగ్’ అను విశేషణముగ ఎక్కువ సుఖపడినది. కదులుచున్న బస్సెక్కుట తగదని చెప్పు తల్లి ‘రన్నింగు బస్సు ఎక్కకురా’ యనును. అధ్యాపకుడు ఊపిరాడక చెప్పిన పాఠమును విద్యార్థి గిలికినచో అది ‘రన్నింగ్ నోట్సు’. బేరము బాగుగ సాగుచున్న హోటలును అమ్మదలచినవాడు ‘రన్నింగ్ హోటల్’ అని ప్రకటన యిచ్చును. రైల్వేలో ఇంజను నడుపువారును, వారి తోటివారును ‘రన్నింగ్ స్టాఫ్’. కాజీపేటలోనో విజయవాడలోనో బండి అప్పగించి వారు భోజనము చేసి నిద్రపోవుటకు కట్టించిన విశ్రాంతిగృహము పేరు ‘రన్నింగ్ రూము’. ఇక వడ్రంగి పనివానిని తలుపుచట్టమునకో, వంటగది గట్టునకో ధర యడిగి చూడుడు. వెడల్పుతో పని లేక పొడవు మాత్రము కొలిచెడి పద్ధతిని ఆతడు ‘రన్నింగ్ ఫుట్టు’ అని పిలుచును. ఏనాడో పొలము గట్టు, బాట, సరిహద్దు ఇంత దూరము ‘పారినవని’ ఆంగ్లేయులు చెప్పుకొన్న ఆ సాగుదల యర్థమే, ఏ నిఘంటువును చూడని ఆతని నోట, అడుగునకింత యని రూపాయలలో పలుకుచున్నది.